ప్రశ్నావళి నింపితే నిజాయితీ రుజువైనట్టేనా?

సంపాదకుడికి,

నైతిక సూచీలో చోటు దక్కడమే కంపెనీ నిజాయితీకి హామీ అన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సస్టైనబిలిటీ సూచీ వాహన రంగంలో ఫోక్స్‌వ్యాగన్‌కు అగ్రస్థానం ఇచ్చింది. అదే నెలలో, ఆ కంపెనీ డీజిల్ కార్లలో పొగ పరీక్షను ఏమార్చే సాఫ్ట్‌వేర్ బయటపడింది. అక్టోబరులో సూచీ నుంచి దాని పేరు తీసేశారు. ఆ ఎంపికకు ప్రధాన ఆధారం కంపెనీలే నింపి పంపే ప్రశ్నావళి.

మనకిది కొత్త కాదు. కార్పొరేట్ పాలనకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసాన్ని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజే ఒప్పుకున్నారు.

ఇక్కడ అమెరికాలో 401(కె) రిటైర్మెంట్ ఖాతాల్లో పొదుపు దాచుకునే తెలుగువాళ్లు ఫండ్లపై ‘సస్టైనబుల్’ ముద్ర చూసి ఊరుకోవద్దు. ఫండ్ పత్రంలోని మొదటి పది కంపెనీల పేర్లు, వాటిపై పడిన జరిమానాలు చూడండి. స్వతంత్ర తనిఖీ లేని మార్కులను నమ్మకండి.

— ఒక పాఠకురాలు, మోరిస్‌విల్, నార్త్ కరోలినా