ఆ విమానం ఎవరి చేతిలో ఉంది?

2002 జులై 1, రాత్రి పదకొండున్నర. జ్యూరిక్ కంట్రోల్ సెంటర్‌లో ఒకే ఒక్క కంట్రోలర్ రెండు తెరల మధ్య అటూ ఇటూ జరుగుతున్నాడు. తోటి కంట్రోలర్ విశ్రాంతికి వెళ్లాడు. రాత్రి డ్యూటీల్లో అక్కడ అది మామూలే, పైవాళ్లకూ తెలిసిందే. ఆలస్యంగా వచ్చిన ఒక ఎయిర్‌బస్ సరిహద్దు అవతల, జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగాలి. దాన్ని అప్పగించాలంటే అక్కడి టవర్‌కి ముందు ఫోన్ చేసి చెప్పాలి. మెయిన్ ఫోన్ వ్యవస్థ ఆ రాత్రి మరమ్మతులో ఉంది. దానికి బదులుగా ఉంచిన లైనూ పనిచెయ్యలేదు. అతను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

అదే సమయంలో రెండో తెర మీద, 36 వేల అడుగుల ఎత్తులో, రష్యా టుపోలెవ్ ఒకటి, డీహెచ్‌ఎల్ సరుకు విమానం ఒకటి ఒకే బిందువు వైపు వెళ్తున్నాయి. జర్మనీలోని కార్ల్స్‌రూహె సెంటర్‌లో హెచ్చరిక వచ్చింది. అక్కడి కంట్రోలర్ జ్యూరిక్‌కి ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఒక్కటీ కలవలేదు. ఆ విమానాలు తన ఫ్రీక్వెన్సీలో లేవు కాబట్టి పైలట్లకు నేరుగా చెప్పే వీలూ లేదు. జ్యూరిక్ కంట్రోలర్ ఆఖరి నిమిషంలో చూసి టుపోలెవ్‌ని కిందికి దిగమన్నాడు. విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ యంత్రమేమో పైకి ఎక్కమంది. పైలట్లు మనిషి మాట విన్నారు. డీహెచ్‌ఎల్ విమానం కూడా తన టీకాస్ చెప్పినట్టే దిగింది. రెండూ ఢీకొని, యూబర్లింగెన్ ఊరి మీద 71 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది సెలవులకు స్పెయిన్ బయల్దేరిన బడిపిల్లలు.

ఈ ప్రమాదం తర్వాత ప్రపంచమంతా ‘టీకాస్ మాటే వినాలి’ అన్నది గట్టిగా పట్టుకుంది. మంచిదే. కానీ ఫోన్ సంగతి అంతగా ఎవరికీ గుర్తులేదు. విమానం గాల్లో ఉన్నంతసేపూ ఎవరో ఒకరి బాధ్యతలో ఉండాలి. శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానం టవర్ నుంచి అప్రోచ్‌కి, అక్కడి నుంచి ఏరియా కంట్రోల్‌కి, ఆపై సెక్టార్ తర్వాత సెక్టార్‌కి చేతులు మారుతూ పోతుంది. ప్రతి మార్పుకీ ముందు ఒక కబురు వెళ్లాలి: ఏ విమానం, ఏ ఎత్తు, సరిహద్దు ఎన్ని గంటలకు దాటుతుంది. అవతలివాళ్లు సరేననాలి. ఆ తర్వాతే పైలట్‌కి కొత్త ఫ్రీక్వెన్సీ చెప్పాలి, పైలట్ దాన్ని తిరిగి చదవాలి. ఇప్పుడు చాలాచోట్ల ఈ కబుర్లు కంప్యూటర్ల మధ్యే నడుస్తాయి, నోరు విప్పే పనే ఉండదు.

నోరు విప్పని అప్పగింత ఎక్కడికి దారి తీస్తుందో బ్రెజిల్ చూసింది. 2006 సెప్టెంబరు 29న ఒక చిన్న లెగసీ జెట్ 37 వేల అడుగుల్లో ఎగురుతోంది. ఫ్లయిట్ ప్లాన్ ప్రకారం బ్రసీలియా దాటాక 36 వేలకు దిగాలి. దిగమని ఎవరూ చెప్పలేదు, పైలట్లూ అడగలేదు. కంట్రోల్ తెర మీద మాత్రం ప్లాన్‌లోని 360 అంకె (అంటే 36 వేల అడుగులు) తనంతట తానే వచ్చి కూర్చుంది. కాసేపటికి ఎత్తును రాడార్‌కి పంపే జెట్ ట్రాన్స్‌పాండర్ ఆగిపోయి అసలు ఎత్తు కనబడకుండా పోయింది. సుమారు గంటసేపు రేడియో మాటే లేదు. డ్యూటీ మారినప్పుడు దిగిపోయే కంట్రోలర్ కూర్చునేవాడికి 360 అని చెప్పాడు. బ్రసీలియా నుంచి అమెజాన్ సెంటర్‌కి కూడా ఆ అంకే వెళ్లింది. 37 వేల అడుగుల్లో జెట్ ఢీకొని, ఎదురొచ్చిన గోల్ కంపెనీ బోయింగ్‌లోని 154 మందీ చనిపోయారు. లెగసీ రెక్క చివర విరిగినా ఎలాగో దిగింది, అందులోని ఏడుగురూ బతికారు.

ఒకరి ఊహ ఇంకొకరికి సమాచారమైపోయింది. అందుకే ‘పూర్తి ఆటోమేషన్ వస్తే సమస్య తీరిపోతుంది’ అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. తెర మీది అంకె పైలట్ నోట విన్నదా, ప్లాన్‌లోంచి వచ్చిందా అన్నది చూడగానే తెలియాలి. తెలియకపోతే ఆ అంకె లేకపోవడమే నయం.

తీగల సంగతీ తక్కువది కాదు. మన న్యూజెర్సీ తెలుగువాళ్లు దిగే న్యూవార్క్ విమానాల కంట్రోల్‌ని 2024లో న్యూయార్క్ కేంద్రం నుంచి ఫిలడెల్ఫియాకి మార్చారు. డేటా మాత్రం న్యూయార్క్ నుంచే లైన్ల మీద రావాల్సి ఉండేది. 2025 ఏప్రిల్ 28న ఆ లైను ఆగిపోయి, సుమారు 90 సెకన్లు రాడారూ లేదు, రేడియో కూడా లేదు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీలో ఫ్లయిట్ ప్లాన్లు మోసే మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ మొరాయించింది. కంట్రోలర్లు చేత్తో ప్లాన్లు రాసుకున్నారు, వందల విమానాలు ఆలస్యమయ్యాయి. టీవీల్లో ఎక్కువగా ప్రయాణికుల అవస్థే కనిపించింది. ఆ సమయంలో కలం పట్టుకుని పక్క సెక్టార్లతో సరిచూసుకుంటూ కూర్చున్నవాళ్ల గురించి వచ్చిన మాటలు తక్కువే. ఆలస్యంతో సరిపోయిందంటే వాళ్లు తొందరపడకపోవడం వల్లే.

జ్యూరిక్ కంట్రోలర్‌ని 2004లో, ఆ ప్రమాదంలో భార్యాపిల్లల్ని పోగొట్టుకున్న ఒక తండ్రి ఇంటికి వెళ్లి పొడిచి చంపాడు. 2007లో స్విస్ కోర్టు మాత్రం దోషుల్ని వేరేచోట వెతికింది. జ్యూరిక్ కంట్రోల్ సెంటర్‌ని నడిపే స్కైగైడ్ సంస్థ మేనేజర్లు నలుగురికి శిక్ష పడింది. ఒంటరిగా కూర్చోబెట్టిందీ, ఫోన్లు ఆపి పని పెట్టిందీ వాళ్ల వ్యవస్థే కదా.

విశాఖ విమానాశ్రయంలో కంట్రోల్ నౌకాదళానిది. హైదరాబాద్ చుట్టూ హకీంపేట, దుండిగల్ వాయుసేన స్థావరాలున్నాయి. పౌర, సైనిక కేంద్రాల మధ్య చేతులు మారడం ఇక్కడ రోజువారీ పని. కాబట్టి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రాత్రిపూట ఫోన్ లైన్ల మరమ్మతు పెట్టుకుంటే, బదులు లైను మీద పక్క కేంద్రంతో ముందు ఒకసారి మాట్లాడి చూడాలి. ఆ రాత్రి కుర్చీలో ఇద్దరుండాలి. విమానాలు ప్రమాదకరంగా దగ్గరైన ఘటనల లెక్క తీసేటప్పుడు, అప్పగింత దగ్గర జరిగినవెన్నో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విడిగా చెప్పాలి.