పీటల మీద ఎవరు?

మొన్న మాఘమాసంలో మా అక్క పెద్దకూతురి పెళ్లయింది. పెళ్లి బాగా జరిగింది, భోజనాలు బాగున్నాయి అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ పెళ్లి గుర్తొస్తే సామాన్ల గది గుమ్మం దగ్గర నిలబడిన అక్కే కళ్ల ముందు మెదులుతుంది.

బావ పోయేనాటికి అక్కకి ముప్ఫై ఒకటో ఏడు. చంకలో ఒకతి, చేతికింద ఒకతి. కారుణ్య నియామకం కింద చిన్న గుమాస్తా ఉద్యోగం వస్తే చేరింది. బస్సులో వెళ్లి రావడం, రాత్రిళ్లు పిల్లల చదువులు, పండక్కి తనకి చీర కొనుక్కోకుండా చీటీ పాటలు కట్టడం... ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను. సంబంధం చూసిందీ, డబ్బు సమకూర్చిందీ, కల్యాణమండపం బయానా ఇచ్చిందీ తనే. తీరా కన్యాదానం వేళకి పీటల మీద కూర్చున్నది ఆమె మరిదీ, తోడికోడలూ.

ఇలా ఎవరు నిర్ణయించారు? నిజానికి ఎవరూ నిర్ణయించలేదు. పురోహితుణ్ణి ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. ఆయన వద్దనడానికైనా, సరేననడానికైనా అవకాశం ఇస్తేగా! అందరికీ ముందే తెలుసు. అక్కకి అందరికన్నా బాగా తెలుసు. జీలకర్రా బెల్లం పెట్టే సమయానికి తనంతట తానే లేచి లోపలికి వెళ్లి, కొబ్బరికాయలు లెక్కపెడుతూ కూర్చుంది.

ఇంతకీ నేనెక్కడున్నాను? పట్టుచీర కట్టుకుని, అక్షింతల పళ్లెం పట్టుకుని, పీటల పక్కనే ఉన్నాను. కథలు రాస్తాను, నా కథల్లో ఆడవాళ్లు ఎదురు తిరుగుతారు కూడా. ఆ రోజు మాత్రం నేను పది అడుగులు వేసి అక్క చెయ్యి పట్టుకుని తీసుకురాలేకపోయాను. ‘తనే వద్దంది కదా’ అని సర్దిచెప్పుకున్నాను. ఆ వద్దనడం ఆమెకి ఎవరు నేర్పారు? పదోరోజున గాజులు తీయించిన మనమే కదూ!

కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటికే పాతికేళ్లుగా, అంటే 1856 నుంచీ, వితంతు వివాహాన్ని ఒప్పుకునే చట్టం ఉంది. ఆ చట్టంలోనూ ఒక మెలిక పెట్టారు. మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుంది! ఇప్పుడు ఆ బెడద లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా భర్త పోతే, అతని స్వార్జితంలో పిల్లలతోనూ, అత్తగారు ఉంటే ఆవిడతోనూ సమానంగా భార్యకి వాటా వస్తుంది. అది పూర్తిగా ఆమె సొత్తు. మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. ఈ సంగతి తెలియక, ‘పిల్లల పేర రాసెయ్యి, నీకెందుకు’ అంటే ఏడుస్తూనే సంతకాలు పెట్టేసినవాళ్లని నేనెరుగుదును. దుఃఖంలో ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం చెయ్యకండమ్మా. ముందు తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. తక్కినవి తర్వాత.

భర్త వదిలేసిన ఆడవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. అటు సుమంగళీ కాదు, ఇటు వితంతువూ కాదు. అద్దె ఇంటికి వెళితే ‘మీవారేం చేస్తారు?’ అన్న ప్రశ్న దగ్గరే తలుపు మూసుకుంటుంది. తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకని విడిగా పింఛను మొదలుపెట్టారు, 2019లో అది 2,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో వితంతువులకీ ఒంటరి మహిళలకీ 2024 జులైలో 4,000 రూపాయలు చేశారు. చాలినా చాలకపోయినా, ‘నువ్వూ ఒక మనిషివి’ అని సర్కారు ఒప్పుకున్నట్టయింది. మన పేరంటాల పిలుపుల్లో మాత్రం వాళ్లకింకా చోటు లేదు.

మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్లో 2022 మే నెలలో గ్రామసభ పెట్టి, భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం ఇకమీదట వద్దని తీర్మానించారు. తక్కిన పంచాయతీలూ ఆ దారినే నడవాలని అక్కడి ప్రభుత్వం ఆ నెలలోనే చెప్పింది. ఊరంతా కూర్చుని ఒక మాట అనుకుంటే ఏ ఒక్క ఇంటి మీదా నింద పడదు. ఆ ఉపాయం నాకు నచ్చింది. మన వీధిలో, మన అపార్టుమెంటులో అలాంటి మాట అనుకోవడానికి గ్రామసభే అక్కర్లేదు. శ్రావణ శుక్రవారం వాయినానికి పిలిచే పేర్ల చీటీ చాలు.

అక్క రెండో కూతురికీ సంబంధం కుదిరింది. ఈసారి పీటల మీద ఎవరు అన్న మాట మరిదిగారింట్లో అప్పుడే మొదలైందట. పిల్ల తేల్చి చెప్పేసింది, ‘అమ్మ కూర్చోకపోతే నేనూ కూర్చోను’ అని. అక్క నాకు ఫోన్ చేసి ‘దీనికి నువ్వైనా బుద్ధి చెప్పవే’ అంటూ ఏడ్చింది. ‘చెప్పను’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘ఏ చీర కట్టుకోమంటావే?’ అని అడిగింది.