గాలిమరల నీడలో గింజలు

కణేకల్ చెరువు కింద వరి పండాలంటే ఎగువ కాలువ (హెచ్చెల్సీ)లో తుంగభద్ర నీళ్లు పారాలి. కాలువ అందని మెట్టలో వేరుశనగకు వానే దిక్కు. కొందరికి బోరు, దానికి కరెంటు. ఆ కరెంటు ఇప్పుడు మన గాలిలోనూ ఎండలోనూ పుడుతోంది. రాయదుర్గం, బెళుగుప్ప వైపు గాలిమరలు తిరుగుతున్నాయి; నంబులపూలకుంటలో 2016 నుంచే సౌరవిద్యుత్తు ఉంది. సంతోషమే. పగలు నిలకడగా కరెంటుంటే రైతు రాత్రిపూట పాముల భయంతో మోటారు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు.

కానీ సోలార్ పలకలు పరిచిన చేలో కంది వేయలేం. కంచె దాటి గొర్రెలు పోలేవు. హగరి నది ఇసుక మేటలు ఇప్పటికే బొమ్మనహాళ్, కణేకల్ పొలాలను కమ్ముతున్నాయి. పండే నేలను పలకలకిచ్చి బియ్యం బయటినుంచి తెచ్చుకోవడం తెలివైన పని కాదు. మరలు కొండల మీద, పలకలు మిద్దెల మీద పెట్టొచ్చు.

రైతు సోదరులారా, పలకలకో మరలకో భూమి కౌలుకిచ్చే ముందు ఒప్పందాన్ని తెలుగులో చదివించుకోండి. గ్రామసభలో ప్రశ్నించండి.