పోలింగు బల్ల వెనుక మనిషి

ఇటాలో కాల్వినో 1963లో ప్రచురించిన ఒక చిన్న నవల ఇంగ్లీషులో ‘ది వాచర్’ అన్న పేరుతో దొరుకుతుంది. కథాకాలం 1953 జూన్‌లో ఇటలీ ఎన్నికలు జరిగిన రోజు. స్థలం ట్యూరిన్ నగరంలోని కొత్తొలెంగో. నయంకాని రోగులకూ, తీవ్రమైన వైకల్యాలతో పుట్టినవారికీ ఆశ్రయమిచ్చే పెద్ద కాథలిక్ సంస్థ అది. అక్కడే ఒక పోలింగు కేంద్రం. తమ ఓటు ఎవరికి పడుతున్నదో తెలియనివారి చేత సన్యాసినులూ మతగురువులూ ఓట్లు వేయిస్తున్నారన్న అనుమానంతో, కమ్యూనిస్టు పార్టీ తరఫున అమెరిగో ఒర్మేయా ఆ గదిలో పరిశీలకుడిగా కూర్చుంటాడు. అభ్యంతరాలు చెప్పడానికి వచ్చిన ఆ మనిషి, వార్డులో కొడుక్కి బాదంకాయలు పగలగొట్టి తినిపిస్తున్న ముసలి రైతును చూసి, మనిషి అన్న మాటకు హద్దు ఎక్కడ అన్న ఆలోచనలో పడతాడు. వైద్యవృత్తిలో ఉన్న పాఠకులను ఆ పుటలు అంత సులభంగా వదలవు.

ఆ గదిలో వాదాలున్నాయి, పార్టీల పట్టుదలలున్నాయి, పరస్పర అనుమానాలున్నాయి. ప్రాణభయం మాత్రం లేదు. అభ్యంతరం చెప్పినందుకు రాత్రి తన తలుపు ఎవరు తడతారో అని అమెరిగో ఆలోచించవలసిన అవసరం రాలేదు. అందువల్లనే అతని మనస్సాక్షికి పనిచేసే తీరిక దొరికింది. నేటి పాఠకుడికి ఆ నవలలో ఈర్ష్య కలిగించేది ఆ తీరికే. ఎన్నికల గదిలో కూర్చునే ఉద్యోగికి అది చాలాచోట్ల కరువవుతున్నది.

2020 నవంబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, ఫుల్టన్ కౌంటీలో రూబీ ఫ్రీమన్, ఆమె కూతురు షే మాస్ ఓట్ల లెక్కింపులో పనిచేశారు. తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడిన జాన్స్ క్రీక్, ఆల్ఫరెట్టా ఆ కౌంటీలోనివే. లెక్కింపు కేంద్రపు కెమెరా దృశ్యాల్లో తల్లీకూతుళ్ళు ఏదో చేతులు మార్చుకున్నట్టు కనిపించింది. అవి ఓట్లు తారుమారు చేసే యు.ఎస్.బి. పరికరాలని న్యూయార్కు మాజీ మేయరు రూడీ జూలియానీ ఆరోపించాడు. తల్లి తనకు అందించింది ఒక అల్లం బిళ్ళ అని 2022లో కూతురు ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందు చెప్పింది. ఈలోగా చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఎఫ్.బి.ఐ. సలహా మీద తల్లి సుమారు రెండు నెలలు ఇల్లు విడిచి ఉండవలసి వచ్చింది. కూతురు ఆ ఉద్యోగమే వదులుకుంది. పరువునష్టం దావాలో జ్యూరీ దాదాపు 14.8 కోట్ల డాలర్ల పరిహారం విధించింది, కానీ అది 2023 డిసెంబరులో. మూడేళ్ళపాటు ఆ ఇద్దరూ మోసింది వాళ్ళ సొంత నేరం కాదు, సొంత నిర్ణయం కూడా కాదు. ఎన్నిక మీద ఉన్న కోపాన్ని వాళ్ళు మోశారు.

తెలుగునేల మీద బెదిరింపు ఇంత చుట్టుదారిలో రానక్కరలేదు. 2024 మే 13న పల్నాడు జిల్లా మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయిగేటు పోలింగు కేంద్రంలోకి అప్పటి శాసనసభ్యుడే ప్రవేశించి యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం వెబ్‌కాస్టింగులో నమోదైంది. అది బయటికి వచ్చి, దేశమంతా చూసి, ఎన్నికల సంఘం అరెస్టుకు ఆదేశించేసరికి వారం దాటింది. సిబ్బంది ఎందుకు అడ్డుకోలేదని అడగడం తేలిక. ఇలాంటి బల్లల వెనుక కూర్చునేవారు సాధారణంగా ఉపాధ్యాయులు, గుమాస్తాలు. ముందురోజు సామగ్రి సరిచూసుకుని, రాత్రి బడిలోనే నడుము వాల్చి, తెల్లవారుతూనే మాక్ పోల్ జరిపినవారు. ఎన్నిక ముగిశాక వారు ఆ జిల్లాలోనే బతకాలి, ఆ జిల్లాలోనే బదిలీ కోరుకోవాలి. ఎదుట నిలిచిన మనిషి అధికారంలో ఉన్నవాడైతే ఆ బదిలీ ఎవరి మాట మీద ఆగుతుందో వారికి వేరే చెప్పనక్కరలేదు.

చట్టం లేక కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135ఏ సెక్షను పోలింగు కేంద్రాల ఆక్రమణకు ఏడాది నుంచి మూడేళ్ళ జైలు విధిస్తుంది. ఆ నేరం చేసినవాడు ప్రభుత్వోద్యోగి అయితే శిక్ష మూడు నుంచి ఐదేళ్ళు. ఎన్నికల విధుల్లో మరణించిన సిబ్బంది కుటుంబానికి కనీసం 15 లక్షల రూపాయలు, హింసాత్మక దాడిలో మరణిస్తే 30 లక్షలు ఇవ్వాలన్నది ఎన్నికల సంఘం నియమం. ఉద్యోగి తప్పుకు లెక్క ఉంది, మరణానికి లెక్క ఉంది. బతికి ఉండి భయపడుతున్న ఉద్యోగి పక్కన ఎవరు నిలబడాలన్నది మాత్రం అంత స్పష్టంగా వినపడదు.

ఈ విషయంలో సింగపూరు అనుభవం పరిశీలించదగినది. అక్కడి పోలింగు గదులు ప్రశాంతంగా ఉంటాయి కనుక నేర్చుకోవలసింది హింసను అణచిన పద్ధతి కాదు, వేధింపు అన్న మాటను చట్టం అర్థం చేసుకున్న తీరు. 2014 నవంబరులో అమలులోకి వచ్చిన వేధింపుల నిరోధక చట్టంలోని ఆరవ సెక్షను ప్రకారం, విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని బెదిరించినా దుర్భాషలాడినా 5,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు విధించవచ్చు. ఆసుపత్రులు, రవాణా వంటి ప్రజాసేవల్లో పనిచేసేవారికీ అదే రక్షణ. పోలింగు బల్ల దగ్గర కూర్చునే ప్రభుత్వ గుమాస్తా, వార్డులో నర్సు ఒకే గొడుగు కిందికి వచ్చారు. ఉద్యోగిని విధి నుంచి బెదరగొట్టే ఉద్దేశంతో అతని వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం కూడా 2020 జనవరి నుంచి నేరమైంది.

ఆ చట్టం మీదే 2017 జనవరిలో సింగపూరు అప్పీళ్ళ కోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. రక్షణ మంత్రిత్వశాఖ మీద ఒక వైద్యుడు చేసిన ఆరోపణలను ఒక వెబ్ పత్రిక ప్రచురించింది. అవి అబద్ధాలని, వేధింపుల చట్టం కింద తనకు ఉపశమనం కావాలని ప్రభుత్వం కోరింది. ప్రధాన న్యాయమూర్తి విభేదించినా, మిగిలిన ఇద్దరు న్యాయమూర్తులు అంగీకరించలేదు. ఆ సెక్షనులోని ‘వ్యక్తి’ అంటే మనిషే తప్ప ప్రభుత్వం కాదన్నారు. తరువాత 2019లో చట్టసభ ప్రభుత్వానికి వేరే దారులు తెరిచింది. అబద్ధపు ప్రకటనల మీద మంత్రులే ఆదేశాలు జారీ చేయగల పోఫ్మా చట్టం ఆ ఏడాదే వచ్చింది. అయినా ఆ తీర్పు చూపిన భేదం విలువైనదే. సంస్థకు గొంతు ఉంది, న్యాయవాదులున్నారు, పత్రికా ప్రకటనలున్నాయి. నిద్రపట్టనిదీ, పిల్లల్ని ఒంటరిగా బడికి పంపడానికి జంకేదీ మనిషి. కాబట్టి రక్షణ మనిషికి దక్కాలి, ప్రశ్న సంస్థకు చేరాలి. ఈ రెండింటినీ కలిపివేస్తే ఉద్యోగి రక్షణ పేరిట సంస్థ విమర్శను తప్పించుకుంటుంది, లేదా సంస్థ మీది కోపం ఉద్యోగి మీద విరుచుకుపడుతుంది.

ప్రశ్న సంస్థకు చేరితే ఏమవుతుందో 2020 జూలై 10న అక్కడే కనిపించింది. కోవిడ్ కాలపు ఆ ఎన్నికకు పోలింగు కేంద్రాలను 880 నుంచి 1,100కు పెంచినా, ఓటర్లందరూ చేతి తొడుగులు వేసుకోవాలన్న నిబంధన వల్ల వరుసలు చాంతాడంత సాగాయి. ఆ నిబంధనను మధ్యలోనే సడలించి, రాత్రి 8కి ముగియవలసిన పోలింగును 10 వరకు పొడిగించారు. పొడిగింపును ప్రతిపక్షాలు విమర్శించాయి. వరుసలకు ఎన్నికల శాఖ క్షమాపణ చెప్పింది. సంజాయిషీ శాఖ ఇచ్చింది, తొడుగులు అందించిన గుమాస్తా కాదు. ఆ శాఖ ప్రధానమంత్రి కార్యాలయం కింద ఉండవచ్చునా అన్న విమర్శ అక్కడ ఉన్నదే. అది కూడా శాఖనూ ప్రభుత్వాన్నీ అడగవలసిన ప్రశ్నే.

సిబ్బందే తప్పు చేస్తే ఎలా అన్న ఆక్షేపణ న్యాయమైనది. 2024 జనవరిలో చండీగఢ్ మేయరు ఎన్నికలో ప్రిసైడింగ్ అధికారే ఎనిమిది బ్యాలెట్ల మీద గీతలు గీశాడు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లను స్వయంగా పరిశీలించి ఫలితాన్ని తిరగరాసింది. అక్కడ తప్పును పట్టించినవి కెమెరా, కాగితం, కోర్టు. ఫుల్టన్ కౌంటీలో కూడా కెమెరా ఉంది, కానీ దృశ్యం దర్యాప్తు కంటే ముందు గుంపు చేతికి చేరింది. తప్పు చేసినవాడిని విచారించే దారి తెరిచి ఉంటేనే, చేయనివాడిని గుంపు నుంచి కాపాడమని అడిగే హక్కు సమాజానికి ఉంటుంది.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. సింగపూరు ఆసుపత్రుల కోసం ఏర్పడిన త్రైపాక్షిక బృందం 2023లో, వేధింపు అంటే ఏమిటో అందరికీ ఒకే నిర్వచనం ఉండాలనీ, దాన్ని ఏమాత్రం సహించరాదనీ సూచించింది. తిట్టు తిన్న నర్సు సర్దుకుపోవాలన్న పాత అలవాటుకు అది విరుగుడు. ఎన్నికల సిబ్బందికీ అలాంటి ఏర్పాటే కావాలి. బెదిరింపు జరిగిన వెంటనే ఫిర్యాదు సంస్థ పేరున దాఖలు కావాలి, ఉద్యోగి ఒంటరిగా స్టేషను మెట్లెక్కనక్కరలేదు. ఆ తరువాత న్యాయసహాయం అందాలి. తదుపరి బదిలీలో ఆ ఉద్యోగి పేరును స్థానిక నాయకుల చేతికి అందకుండా చూడాలి. ప్రిసైడింగ్ అధికారి డైరీలో రాసిన బెదిరింపును లెక్కింపు రోజు లోపలే ఎవరైనా చదవాలి. అనుమానం వచ్చిన ఓటరుకు 17సి ఫారం వంటి లెక్కలు అడగ్గానే దొరకాలి. జవాబు దొరికే చోటు తెలిస్తే కోపం ఉద్యోగి ఇంటి చిరునామా వెతుక్కుంటూ పోదు.

వేలికి సిరా పూసే ఉద్యోగి వీరుడు కానక్కరలేదు. “ఇది చెల్లదు, నేను సంతకం పెట్టను” అని మామూలు గొంతుతో చెప్పి, సాయంత్రం మామూలుగా ఇంటికి చేరగలిగితే చాలు. వెనుక ఒక సంస్థ నిలబడి ఉన్నదని తెలిసిన ఉద్యోగి మాత్రమే ఆ మాట అనగలుగుతాడు.