గాలి తగ్గాకే లొంగిన మంటలు

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో చెలరేగిన పాలిసేడ్స్, ఈటన్ కార్చిచ్చులు పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి జనవరి 31 అయింది. అగ్నిమాపక విమానాలకు, శిక్షణ పొందిన సిబ్బందికి కాలిఫోర్నియాలో కొదవ లేదు. అయినా మొదటి రాత్రి శాంటా ఆనా అనే పెనుగాలుల ధాటికి విమానాలు ఎగరలేకపోయాయి. పాలిసేడ్స్ ప్రాంతంలోని ఎగువ వీధుల్లో హైడ్రంట్లకు గొట్టాలు బిగిస్తే నీళ్లు రాలేదు. ఏ ఒకటి రెండు ఇళ్లో అంటుకుంటే ఆర్పడానికి వేసిన పైపులైన్లు, కొండలకు కొండలే తగలబడుతుంటే ఎలా చాలుతాయి?

విమానాలు చల్లే ఎర్రటి రసాయనం మంట జోరును తగ్గిస్తుందే తప్ప ఆర్పదు. నిప్పుకు హద్దు గీసేది నేలమీది మనుషులే. పారలతో, బుల్డోజర్లతో ఎండుగడ్డి, పొదలు తీసేసి మట్టి తేలేదాకా చెక్కుతారు. పెనుగాలి వీస్తే నిప్పురవ్వలు ఆ హద్దునూ దాటేస్తాయి. అప్పుడు చేయగలిగింది ప్రాణాలు కాపాడటం, గాలి తగ్గేదాకా కాచుకోవడం.

అందుకే అసలు పోరాటం మంటలు పుట్టకముందే జరగాలి. ఇళ్ల చుట్టూ పొదలు తొలగించాలి, నిప్పంటుకోని పైకప్పులు వేయించాలి, అనువైన వాతావరణంలో ఎండుచెత్తను పద్ధతిగా కాల్చేయాలి. మన నల్లమల, శేషాచలం అడవులకూ ఇదే వర్తిస్తుంది. వేసవి ముదరకముందే నిప్పుకు హద్దుగా ఉండే ఫైర్ లైన్లు శుభ్రం చేయించాలి. అడవులను కాపలా కాసే వాచర్లకు తగిన పరికరాలు, సకాలంలో జీతాలు అందాలి. హెలికాప్టర్లకు నిధులిచ్చే ప్రభుత్వాలు ముందుగా ఈ పనులకు ఇవ్వాలి.