వాటా వాళ్లది, కొనుగోలు మనది

ఉస్మానియాలో చదివినవారు, హబ్సిగూడ పరిశోధన సంస్థల్లో పనిచేసి ఇటు విదేశాలకు వచ్చినవారు మన సంఘంలో చాలామంది. సొంతగడ్డకు ఏదైనా చేయాలనుకుంటే మనకు ముందు తోచేది విరాళం, ఆ తర్వాత స్టార్టప్‌లో పెట్టుబడి. పనిచేసేవాళ్లే యజమానులైన చిన్న వ్యాపారాల వైపు మన చూపు అంతగా పోలేదు.

అలాంటి వ్యాపారం ఒకటి ఎలా పుట్టిందో చూడండి. హైదరాబాద్ తార్నాకలో సుస్థిర వ్యవసాయ కేంద్రం ఉంది. 2004లో మొదలైంది. జనగామ జిల్లా ఏనబావిలో ఊరంతా రసాయనాలు మానేయడం వెనుక ఈ సంస్థ తోడు ఉంది. అయితే మందు కొట్టకుండా పండించిన కందులు కూడా మామూలు మార్కెట్‌కు వెళ్తే మామూలు ధరకే పోతాయి. అందుకే రైతు సంఘాలు కలిసి ‘సహజ ఆహారం’ పేరిట ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుని, సరుకును నేరుగా నగరానికి చేరుస్తున్నాయి.

ఇలాంటి కంపెనీలకు వీలు కల్పించింది 2002 నాటి కంపెనీల చట్ట సవరణ. పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే చాలు. పండించేవారికి, నేసేవారికి, పాలు పోసేవారికే సభ్యత్వం. వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. డాలర్లు పట్టుకెళ్లినా మనకు అందులో పెత్తనం దొరకదు. దాని బలమంతా అక్కడే ఉందని మా నమ్మకం.

సభ్యులే యజమానులుగా కలిసి నడపడం తెలుగునేలకు కొత్తేమీ కాదు. ఎ.కె. విశ్వనాథరెడ్డి ముల్కనూరు సహకార సంఘాన్ని నిలబెట్టింది 1956లో. స్పెయిన్‌లోని మోండ్రగాన్‌లో కార్మికుల సొంత ఫ్యాక్టరీ మొదలైందీ అదే ఏడు. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చి, సంఘాలపై సర్కారు అజమాయిషీని తగ్గించింది. 2000లో ముల్కనూరు మహిళలు సొంత డెయిరీ పెట్టుకున్నారు.

కలిసి చేయడంలో ఒక భద్రత ఉంది. అప్పు తెచ్చి ఒక్కరే బండి పెట్టుకుంటే, ఇంట్లో జబ్బు చేసిన నాడు ఆదాయం ఆగిపోతుంది. పదిమంది కలిసిన చోట ఆ భారం పంచుకోవచ్చు. కానీ కలిసినవాళ్లను విడగొట్టేదీ ఒకటుంది: సరిగా రాయని లెక్కలు. ఆడిట్ ఆలస్యమై, నమ్మకం సడలి, మంచి సంఘాలు కూడా మూతపడతాయి.

లెక్కలూ చట్టమూ నేర్చుకుంటున్న పిల్లలు తార్నాక పక్కనే, ఉస్మానియా కామర్స్, లా కాలేజీల్లో ఉన్నారు. సెలవుల్లో వాళ్లు ఊళ్లకు వెళ్లి ఒక్కో సహకార సంఘం లెక్కల పుస్తకాలు సరిచేసేలా స్టైపెండ్ ఇవ్వడానికి మనం ఒక నిధి పెట్టాలి. తార్నాకలో, హబ్సిగూడలో ఉంటున్న మీ అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు ఈ నెల కందిపప్పు రైతుల సంఘం దగ్గరే కొనమని చెప్పండి. నిధికి సాయం చేసేందుకు ముందుకొచ్చే పూర్వ విద్యార్థులు వచ్చే సంచికలోగా మన సంఘ కార్యాలయానికి రాయండి.