కనబడలేదనుటయు సాక్ష్యమే

విద్యార్థులు కొందఱు ప్రయోగశాలలో ఫలితము కానరానప్పుడు ప్రక్కవాని లెక్కను తమ పుస్తకమున వ్రాసికొందురు. ఇది తగదని మా యభిప్రాయము. ఇందుల కాకాశమునుండియే యొక నిదర్శనము చూపెదము.

2017 ఆగస్టు 17వ తేదీన, మన మంగళగిరిలో సాయంకాలము 6 గంటల 11 నిమిషములగు వేళ, అమెరికాలోని లైగో యంత్రములకు గురుత్వతరంగములు తగిలినవి. ఇంచుమించు 1.7 సెకనుల పిమ్మట ఫెర్మి యను ఉపగ్రహమునకు గామాకిరణముల మెఱుపు కనబడెను. సుమారు 13 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఒకదానినొకటి చుట్టి చుట్టి యేకమైనవి. తరంగములును మెఱుపును ఆ కలయికనుండి పుట్టినవే. క్షణకాలపు గామా మెఱుపులకు ఇట్టి కలయికలు కారణమని శాస్త్రజ్ఞులు చిరకాలముగా నూహించుచుండిరి. నాడు రెండు సాక్ష్యములు కలియగా ఊహ రుజువయ్యెను.

2015లో మన శ్రీహరికోటనుండి యెగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహమునకు మాత్రము ఆ మెఱుపు కనబడలేదు. నడుమ భూమి అడ్డముగా నుండెను. మన శాస్త్రజ్ఞులు ఆ సంగతిని ఉన్నదున్నట్లు తెలియజేసిరి. మెఱుపు భూమిచాటు దిక్కునుండి వచ్చెనని ఆ మాటవలననే తెలిసి, వెదుకవలసిన ఆకాశభాగము కుదించుటకు తోడ్పడెను. కానరానిదానిని కనబడినదని వ్రాసియుండినచో ఈ మేలు కలిగెడిది కాదు.

మహారాష్ట్రమున హింగోలి జిల్లాలో లైగో-ఇండియా నిర్మాణమునకు 2023లో కేంద్రప్రభుత్వ మామోదము లభించినది. రేపు అందు లెక్కలు వ్రాయువారిలో మన బాలబాలికలును ఉండవచ్చును. ఫలితము రానివానికి మార్కులు తగ్గించు పద్ధతియే దొంగలెక్కకు మూలము. కావున ఉపాధ్యాయులును తలిదండ్రులును కల్పించిన లెక్కకంటె, “ఏమియు కానరాలేదు” అను నిజమైన వ్రాతనే మెచ్చుకొనవలెనని కోరుచున్నాము.